నెత్తురు చిగుళ్లలో, లోటు కంచంలో

పళ్లు తోముతుంటే రక్తం వస్తే బ్రష్షు మార్చేస్తాం. మార్చాల్సింది భోజనం కూడా కావచ్చన్న అనుమానం మనకూ రాదు, చాలాసార్లు వైద్యులకూ రాదు

పొద్దున్నే ఉమ్మిన నురగలో ఎర్రటి చార కనిపిస్తే మనవాళ్లు చేసే పనులు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట బ్రష్షును అనుమానిస్తారు. మర్నాడు మెత్తటిది కొంటారు. ఆ తర్వాత పేస్టు మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు, లవంగనూనె రాస్తారు. చివరికి నెత్తురొచ్చే వైపు తోమడమే మానేస్తారు. అన్నిటిలోకీ చేటు చేసే పని ఇదే. తోమని చోట పాచి పేరుకుంటుంది, పాచి ఉన్న చోట వాపు పెరుగుతుంది, వాచిన చిగురు ముట్టుకుంటే చాలు నెత్తురు చిమ్ముతుంది.

మీ పేస్టులో ఉప్పుందా అని ఒక టీవీ ప్రకటన కొన్నేళ్లపాటు దేశాన్ని నిలదీసింది. మీ కంచంలో జామకాయ ముక్క ఉందా అని ఏ ప్రకటనా అడగలేదు. అడిగితే లాభపడే కంపెనీ లేదు మరి. అందుకే చిగుళ్ల జబ్బు అంటే పూర్తిగా బ్రష్షుకూ పేస్టుకూ సంబంధించిన వ్యవహారమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అందులో సగం నిజమే. మిగతా సగం వంటింట్లో ఉంది.

ఇది చిన్న జబ్బేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ల వ్యాధితో బాధపడుతున్నవారు ప్రపంచంలో వంద కోట్లకు పైగా ఉన్నారు. పెద్దవారిలో పళ్లు ఊడడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. పుచ్చిన పన్ను నొప్పి పెట్టి మనిషిని ఆస్పత్రికి ఈడ్చుకెళుతుంది. చిగురు మాత్రం నొప్పి లేకుండానే పన్ను కింది ఎముకను పోగొట్టుకుంటుంది. అది చేసే హెచ్చరిక సాధారణంగా ఒక్కటే, నెత్తురు.

ఓడల్లో తేలిన నిజం

చిగుళ్లలో నెత్తురు కారడం మన వైద్యానికి కొత్త కాదు. ఉన్నట్టుండి నెత్తురు రావడం, చిగుళ్లు మెత్తబడి నల్లబడడం, దుర్వాసన వేయడం అనే లక్షణాలతో ‘శీతాద’ అనే వ్యాధిని సుశ్రుత సంహిత దంతమూల రోగాల్లో చేర్చింది. దానికీ తిండికీ ఉన్న చుట్టరికం బయటపడింది మాత్రం సముద్రం మీద.

1498 మేలో కాలికట్ చేరిన వాస్కోడిగామా అదే ఏడాది అక్టోబరులో కార్వార్ దగ్గరి అంజెదీవ దీవి నుంచి తిరుగు ప్రయాణం కట్టాడు. ఆఫ్రికా తీరం కనిపించేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో సుమారు 30 మంది నావికులు చనిపోయారు. చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరిగి, ముద్ద నమలలేని స్థితికి వచ్చారని ఆ యాత్రలో పాల్గొన్న ఒకరు రాసుకున్న దినచర్య చెబుతుంది. మలింది రేవు చేరగానే వాళ్లు అడిగి తెప్పించుకున్నది నారింజలు. మిరియాల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లకు మన నిమ్మకాయ ప్రాణం పోసి ఉండేదన్న సంగతి అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలీదు.

తెలియడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1747లో బ్రిటిష్ యుద్ధనౌక సాలిస్‌బరీ మీద జేమ్స్ లిండ్ అనే వైద్యుడు స్కర్వీ పట్టిన 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో మందు ఇచ్చాడు. కొందరికి వెనిగర్, కొందరికి సముద్రపు నీరు. ఒక జట్టుకు మాత్రం రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరు రోజుల్లో పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ జట్టులో ఒకడు పనిలోకి దిగేంతగా కోలుకున్నాడు, రెండోవాడు మిగతా రోగులకు సేవ చేసే స్థితికి వచ్చాడు. అయినా బ్రిటిష్ నౌకాదళం తన నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లోనే. ఆ పండ్లలోని పదార్థాన్ని విడదీసి చూపిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జికి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పచ్చిమిర్చికి చుట్టమైన పాప్రికా మిరపకాయల నుంచే ఆయన దాన్ని కిలోల కొద్దీ తీశాడు. అదే విటమిన్ సి.

స్కర్వీ నావికుల జబ్బు, అది ఎప్పుడో పోయింది అని పాఠాలు ముగుస్తాయి. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఒంట్లో ఇన్ని అవయవాలుండగా ఆ లోటు చిగుళ్లలోనే ఎందుకు అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది?

పాచి, పీచు

పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. సన్నటి పీచులు దాన్ని ఎముకకు కట్టి ఉంచుతాయి. నులక మంచాన్ని నులక పట్టి ఉంచినట్టే అవి పన్నును పట్టి ఉంచుతాయి. ఆ పీచులకూ చిగురు కండకూ ముడిసరుకు కొల్లాజెన్ అనే ప్రొటీన్. నమిలినప్పుడల్లా ఒత్తిడి పడే చోటు కాబట్టి ఇక్కడ పాత కొల్లాజెన్ కరిగిపోవడం, కొత్తది తయారవడం శరీరంలోని చాలా భాగాల కంటే వేగంగా సాగుతుంటాయి. కొల్లాజెన్ పోగులు గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి ఉండి తీరాలి. అది లేకపోతే పోగులు వదులుగా తయారవుతాయి. సన్నటి రక్తనాళాల గోడలు కూడా ఆ పోగులతో కట్టినవే. కాస్త ఒత్తిడికే చిట్లుతాయి. మేక, ఆవు లాంటి జంతువులు విటమిన్ సిని తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషికి ఆ భాగ్యం లేదు. తినాల్సిందే.

కథలో మలుపు ఏమిటంటే స్కర్వీ వచ్చినా పళ్లు లేనివారి చిగుళ్లు అలా వాయవు. పళ్లు రాని పసిపాపల చిగుళ్లూ వాయవు. అంటే లోటు ఒక్కటే చాలదు. పన్ను అంచున పాచి కూడా ఉండాలి. పాచి నిప్పయితే, తిండిలోని లోటు ఎండుగడ్డి.

పాచి సంగతిని తేల్చింది హరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త బృందం. 1965లో ప్రచురించిన వారి ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు తోమడం మానేశారు. రెండు మూడు వారాలు తిరిగేసరికి అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో మామూలయ్యాయి. చిగుళ్ల వాపునకు పాచే మూలమని అంత సూటిగా నిరూపించిన ప్రయోగం అంతకు ముందు లేదు.

అదే శాస్త్రవేత్త 1970లో శ్రీలంక తేయాకు తోటలకు వెళ్లాడు. అక్కడి 480 మంది మగ కూలీలను 15 ఏళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. వాళ్లలో ఎవరికీ పళ్లు తోమే అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. అందరి పళ్ల మీదా పాచి, గార దండిగా ఉన్నాయి. పాచి ఒక్కటే సర్వం అయితే అందరి నోళ్లూ ఒకేలా పాడైపోవాలి. 1986లో వెలువడిన ఫలితాల్లో అలా జరగలేదు. సుమారు 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరి, 45 ఏళ్లకు పళ్లన్నీ పోయాయి. 81 శాతం మందిలో అది మధ్యస్థంగా సాగింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్లు వాచాయే తప్ప జబ్బు అంతకు మించి లోపలికి దిగలేదు. నోట్లో అంతే పాచి, చేతిలో అదే పని, అదే తోట. ఆ తేడాకు తిండే కారణమని ఆ అధ్యయనం చెప్పలేదు. ఒకే పాచికి ఒక్కో శరీరం ఒక్కో రకంగా స్పందిస్తుందని మాత్రం తిరుగులేకుండా చూపించింది. ఆ స్పందనను నిర్ణయించేవాటిలో వంశం, పొగాకు, మధుమేహం, తిండి ఉన్నాయి. మొదటిదాన్ని మార్చుకోలేం. చివరిది రోజుకు మూడు పూటలా మన చేతిలోనే ఉంది.

బ్రష్షు లేని నాలుగు వారాలు

తిండిని మారిస్తే చిగుళ్లు మారతాయా అన్న ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబు స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. ఒక టీవీ కార్యక్రమం కోసం పది మంది పెద్దలూ పిల్లలూ నాలుగు వారాలు రాతియుగపు మనుషుల్లా గడిపారు. గింజధాన్యాలు, ఆకులు, కాయలు, తేనె, పాలు, మాంసం, వాళ్లు పట్టుకోగలిగిన చేపలే ఆహారం. పంచదార లేదు, మైదా లేదు. బ్రష్షు కూడా లేదు. దంతవైద్యులు ముందూ తర్వాతా పరీక్షించి 2009లో వివరాలు ప్రచురించారు. అనుకున్నట్టే పాచి పెరిగింది. కానీ సన్నటి పరికరంతో తాకితే నెత్తురొచ్చే చోట్లు 35 శాతం నుంచి 13 శాతానికి దిగిపోయాయి. తోమకపోతే రెండు మూడు వారాల్లో నెత్తురు రావాలన్న పాత లెక్క, శుద్ధిచేసిన పిండీ పంచదారా తినేవాళ్లకు వర్తించినంతగా వీళ్లకు వర్తించలేదన్నమాట.

2016లో జర్మనీలోని ఫ్రైబర్గ్ దంతవైద్యులు ఇంకాస్త క్రమపద్ధతిలో ప్రయత్నించారు. 15 మందిలో కొందరికి పంచదార, మైదా తగ్గించి, కూరగాయలు, పండ్లు, చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు, పీచు ఎక్కువుండే భోజనం నాలుగు వారాలు పెట్టారు. పాచి తగ్గలేదు. వాపు మాత్రం సగానికి సగం తగ్గింది. ఇవి చిన్న ప్రయోగాలు. పది పదిహేను మందిని చూసి లోకానికంతటికీ సూత్రం చెప్పలేం. కానీ రెండూ ఒకే దిక్కును చూపిస్తున్నాయి.

2021లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ దంతవైద్యుడు ఫిలిప్ హుజోల్ ఆధ్వర్యంలో పెద్ద పరిశీలన ఒకటి వెలువడింది. ఆరు దేశాల్లో 1,140 మంది మీద జరిగిన 15 ప్రయోగాలనూ, అమెరికాలో 8,210 మంది ఆరోగ్య వివరాలనూ అందులో పోల్చి చూశారు. రక్తంలో విటమిన్ సి తక్కువున్నవారి చిగుళ్లలో సున్నితంగా తాకినా నెత్తురొచ్చే ధోరణి ఎక్కువని తేలింది. అలాంటివారు విటమిన్ సి పెంచుకుంటే నెత్తురు తగ్గింది. సరిపడా ఉన్నవారు ఇంకా తీసుకున్నందువల్ల ఒరిగేదేమీ కనిపించలేదు. లోటు ఉంటే పూడ్చుకోవాలి. లేకపోతే మాత్రల వెంట పడక్కర్లేదు.

మనకు లోటు ఉందా?

పండ్లూ కూరగాయలూ పుష్కలంగా పండే దేశంలో లోటేమిటి అనిపించవచ్చు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన ఒకచోట, దక్షిణాదిన ఒకచోట 60 ఏళ్లు దాటిన 5,600 మందికి పైగా రక్తం పరీక్షించారు. విటమిన్ సి లోపం ఉన్నవారు ఉత్తరాదిలో 74 శాతం, దక్షిణాదిలో 46 శాతం. పేదవారిలో, బక్కచిక్కినవారిలో, పొగాకు వాడేవారిలో, కట్టెల పొయ్యి మీద వండుకునే ఇళ్లలో లోపం మరింత ఎక్కువ. వీళ్లెవరికీ ఓడ ఎక్కే అవసరం రాలేదు.

ఎంత కావాలన్న లెక్క కూడా మారుతూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, యుద్ధంలో పాల్గొననన్న కొందరు యువకులు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో విటమిన్ సి ప్రయోగానికి ఒళ్లప్పగించారు. స్కర్వీ రాకుండా ఉండడానికి రోజుకు 10 మిల్లీగ్రాములు చాలని అప్పట్లో తేల్చారు. ఆ ప్రయోగంలోనే వాళ్ల తొడల మీద చిన్న గాట్లు పెట్టి, మానిన మచ్చ ఎంత గట్టిగా ఉందో కూడా కొలిచారు. ఆ పాత కొలతలను హుజోల్ బృందం 2021లో ఆధునిక పద్ధతిలో మళ్లీ లెక్కగట్టింది. గాయం గట్టిగా మానడానికి 10 ఏ మూలకూ చాలదనీ, సగటున 95 మిల్లీగ్రాముల దాకా అవసరమనీ తేల్చింది. స్కర్వీ రాకుండా ఉండడం వేరు, గాయం మానడం వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2010లో 40 మిల్లీగ్రాములుగా ఉన్న సిఫార్సును 2020లో పురుషులకు 80కి, స్త్రీలకు 65కి పెంచింది.

ఇక మన కంచం చూద్దాం. పాలిష్ పట్టిన తెల్లన్నం, దాని మీద సాంబారో పులుసో, పక్కన వేపుడు, ఊరగాయ, పెరుగు. రుచికి లోటు లేదు. కానీ అన్నంలో, పెరుగులో విటమిన్ సి లేదనే చెప్పాలి. కూరలో ఉన్నది కోసి కడగడంలో కొంత, గంటసేపు ఉడకడంలో కొంత పోతుంది. పుల్లగా ఉన్నదల్లా విటమిన్ సి అనుకోవడం మరో పొరపాటు. చింతపండులో అది నామమాత్రం. దాని పులుపు వేరే ఆమ్లానిది. చింతపండు పులిహోరకూ, పొయ్యి దించాక నిమ్మకాయ పిండిన పులిహోరకూ రుచిలోనే కాదు, చిగుళ్ల దృష్టిలోనూ తేడా ఉంది.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. బస్టాండులో ఉప్పూకారం చల్లి ఇచ్చే జామకాయ వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అదే బరువు నారింజ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. చిన్న కాయ ఒకటి తింటే రోజు అవసరం తీరిపోతుంది. ఉసిరికాయ దానికీ తీసిపోదు. మునగాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి, క్యాప్సికమ్, బొప్పాయి, నిమ్మ కూడా మంచి వనరులే. కొత్తిమీర ఉడికించకుండా పైన చల్లడం, పప్పులో నిమ్మకాయ దించాక పిండడం, కూరగాయలు కడిగాకే కోయడం లాంటి పనులకు ప్రత్యేకంగా పైసా ఖర్చు లేదు. పప్పన్నంలో నిమ్మరసం కలిస్తే అందులోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిన దేశంలో అదేమీ చిన్న లాభం కాదు.

విచిత్రం ఏమిటంటే మన పథకాల లెక్కల్లో పండుకు చోటు దొరకడం కష్టం. బడి మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన ప్రమాణంలో ప్రాథమిక పాఠశాల పిల్లకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉన్నాయి. కేలరీలూ ప్రొటీనూ లెక్కగట్టారు. పండు అన్న పద్దు లేదు. ఊరి బడి ఆవరణలో రెండు జామచెట్లు వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. దానికి జీవో కూడా అక్కర్లేదు.

తీపి చేసే చేటు

కంచంలో లేనిదాని సంగతి ఇది. ఎక్కువైనదాని సంగతి కూడా చెప్పుకోవాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారు. రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే సూక్ష్మజీవులతో పోరాడే శక్తి తగ్గుతుంది, వాపు తేలిగ్గా రేగుతుంది, కొల్లాజెన్ పెళుసవుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. మధుమేహులకు తీవ్రమైన చిగుళ్ల జబ్బు వచ్చే అవకాశం మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ రాకపోకలు రెండువైపులా సాగుతాయి. వాచిన చిగుళ్లు చక్కెర అదుపును చెడగొడతాయి. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 మేరకు తగ్గుతుందని 2022లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష తేల్చింది. షుగర్ మాత్ర ఒకటి అదనంగా వేసుకుంటే వచ్చే ఫలితానికి అది మరీ దూరమేమీ కాదు. అయినా మధుమేహ రోగి కళ్లూ పాదాలూ చూసే డాక్టర్లు ఉన్నారు గానీ నోరు తెరవమనేవారు అరుదు.

తీపి అంటే మిఠాయి ఒక్కటే కాదు. గంటకో టీ, దానికి తోడు బిస్కెట్టు, పళ్ల సందుల్లో అంటుకుపోయే మైదా సరుకు, పిల్లల చేతుల్లో చిప్స్ ప్యాకెట్టు, ఇవన్నీ పాచికి రోజంతా నైవేద్యమే. ఎంత తిన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిసార్లు తిన్నారన్నదీ అంతే ముఖ్యం. భోజనంతో పాటు తిన్న లడ్డూ కంటే మధ్యమధ్య చప్పరించే చాక్లెట్టు పళ్లకు ఎక్కువ కీడు చేస్తుంది.

పప్పు తింటే చీము పడుతుందా?

అసలు అనర్థం జరిగేది చికిత్స తర్వాత. పన్ను పీకించుకుని వచ్చినా, చిగురుకు కుట్లు పడినా ఇంట్లో పెద్దవాళ్లు పథ్యం చెబుతారు. పప్పు తింటే చీము పడుతుంది. పులుపు తింటే పుండు మానదు. గుడ్డు వేడి. పెరుగు, పండ్లు జలుబు చేస్తాయి. ఇవన్నీ తీసేశాక మిగిలేది పాలూ బ్రెడ్డూ, చారన్నం. వారం పది రోజులు దాంతోనే గడుస్తాయి. ఒక్క దెబ్బతో ప్రొటీనూ, విటమిన్ సీ రెండూ కంచంలోంచి వెళ్లిపోతాయి. గాయం మానడానికి శరీరం అడిగేవి సరిగ్గా ఆ రెండే.

వాటిలో ఒకటి లేకపోతే ఏమవుతుందో బోస్టన్ శస్త్రవైద్యుడు జాన్ క్రాండన్ తన ఒంటి మీదే చూసుకున్నాడు. 1939లో ఆయన ఆరు నెలలు విటమిన్ సి లేని భోజనం తిన్నాడు. మూడో నెలలో వీపు మీద పెట్టించుకున్న గాటు మామూలుగానే మానింది. ఆరో నెలలో పెట్టిన గాటు పైన చర్మం అతుక్కుంది గానీ లోపల కండ అతకలేదు. విటమిన్ సి ఎక్కించాక పది రోజులకు అదే గాయం చక్కగా మానింది. పైకి మానినట్టు కనిపించడం లోపల మానడం కాదన్న పాఠం పన్ను పీకించుకున్న ప్రతివారికీ వర్తిస్తుంది.

చీము పడేది పప్పు వల్ల కాదు, సూక్ష్మజీవుల వల్ల. పప్పులో ఉన్నది ప్రొటీన్. కొత్త కండ కట్టడానికి ఇటుకలు అవే. శాకాహారుల ఇళ్లలో పప్పు మాన్పించడమంటే ఉన్న ఒక్క ఇటుకల బట్టీని మూసేయడమే. అలాగని పెద్దల మాటంతా కొట్టిపారేయాల్సింది కాదు. మెత్తటివి తినమనడం సరైన సలహా. ఆవకాయ, ఘాటు కారం పచ్చి పుండును మండిస్తాయన్నదీ నిజమే. మెత్తదనం, చప్పదనం వాళ్లు చెప్పినట్టే ఉంచి, సరుకు మాత్రం మార్చుకుంటే సరిపోతుంది.

పన్ను తీసిన రోజు వేడి వేడివి వద్దు. స్ట్రాతో పీల్చడం, గట్టిగా పుక్కిలించడం వద్దు. గాయాన్ని మూసిన నెత్తుటి గడ్డ ఊడిపోతుంది. చల్లటి మజ్జిగ, పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, మెత్తగా నలిపిన అరటిపండు తీసుకోవచ్చు. మర్నాటి నుంచి మెత్తగా ఉడికిన పెసరపప్పన్నం, ఇడ్లీ, గుడ్డు, పనీర్, తినేవారికి ముల్లు తీసిన చేప. నిమ్మ మండిస్తే బొప్పాయి గుజ్జు తినొచ్చు. గింజలు గాయంలో ఇరుక్కుంటాయి కాబట్టి జామకాయ నాలుగు రోజులు ఆగి తినడం మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మధుమేహులు ఎంత ప్రొటీన్, ఏ పండు అన్నది తమ డాక్టరునే అడగాలి.

వృద్ధుల విషయంలో ఈ లెక్క మరీ కఠినం. చిగుళ్లు పాడై పళ్లు కదిలితే మొదట మానేసేది జామకాయ, పచ్చి కూరముక్క, మాంసం. మెత్తటి అన్నమూ బన్నూ మిగులుతాయి. దాంతో లోటు పెరుగుతుంది, ఉన్న చిగుళ్లు ఇంకా బలహీనపడతాయి, ఇంకో పన్ను కదులుతుంది. కట్టుడు పళ్లు పెట్టించేలోగా జామకాయ తురిమి, బొప్పాయి చిదిమి, పప్పు మెదిపి పెట్టే మనిషి ఇంట్లో ఉంటే ఆ వలయం తెగుతుంది.

జామకాయకు చేతకానివి

ఇదంతా చదివి బ్రష్షు పారేసి జామకాయలు కొనుక్కుంటే మొదటికే మోసం. గట్టిపడిన గారను ఏ పండూ కరిగించదు. దాన్ని దంతవైద్యుడు తీయాల్సిందే. శుభ్రం చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది మనలో బలంగా పాతుకుపోయిన అపోహ. గార తీశాక కదిలే పన్ను అంతకు ముందే వదులై ఉంటుంది. ఇన్నాళ్లూ గారే సిమెంటులా దాన్ని పట్టి ఉంచింది. నిమ్మచెక్కతో పళ్లు రుద్దే అలవాటు కూడా మంచిది కాదు. నిమ్మరసం కడుపులోకి వెళ్లాలి గానీ పంటి మీద నిలవకూడదు. పైనున్న ఎనామిల్ అరిగిపోతుంది.

పొగతాగేవారు మరో సంగతి గమనించాలి. పొగాకు ఒంట్లోని విటమిన్ సిని త్వరగా ఖర్చు చేయిస్తుంది. పైగా చిగుళ్లలో నెత్తురు పైకి కనిపించకుండా చేస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా హెచ్చరిక రాదు. నాకు నెత్తురు రావడం లేదుగా అన్న ధీమా వాళ్లకు పనికిరాదు.

చిగుళ్లలో నెత్తురుకు వేరే కారణాలూ ఉంటాయి. గర్భిణులకు హార్మోన్ల వల్ల వస్తుంది. గుండె జబ్బుకు రక్తం పల్చబడే మందులు వాడేవారికి వస్తుంది. జ్వరంతో పాటు నెత్తురొస్తే డెంగీ కావచ్చు, క్షణం ఆగకూడదు. ఒంటి మీద కమిలిన మచ్చలతో, నీరసంతో కలిసి వస్తే రక్త సంబంధమైన తీవ్ర వ్యాధి కూడా కావచ్చు. రోజుకు రెండుసార్లు శుభ్రంగా తోముతూ, తిండి సరిచేసుకున్నా రెండు వారాల్లో తగ్గని నెత్తురును డాక్టరుకు చూపించి తీరాలి.

ఆ డాక్టరుతో మనం చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దంతవైద్యుడి చీటీలో బ్రష్షు ఎలా పట్టుకోవాలో ఉంటుంది, ఏ పేస్టు వాడాలో ఉంటుంది, యాంటీబయాటిక్ పేరు ఉంటుంది. నిన్న మూడు పూటలా ఏం తిన్నారన్న గడి సాధారణంగా ఉండదు. ఆయన అడగకపోతే మనమే చెబుదాం. చివరిసారి పండు తిన్నది ఎప్పుడో, పప్పు మానేసి ఎన్నాళ్లయిందో, రోజుకు ఎన్ని టీలు తాగుతామో. రెండు నిమిషాల పని. పన్ను ఉంచాలా పీకాలా అన్న నిర్ణయానికి ఎక్స్‌రే ఎంత అవసరమో, ఆ తర్వాత గాయం మానడానికి ఆ రెండు నిమిషాల మాటా అంతే అవసరం.